వెండిరంగు నిచ్చెనలోని జిగురు

నేను ఒక జిగురును. నిచ్చెనను కాదు, నిచ్చెన లోపలి జిగురును. ఈ తేడా ముందే చెప్పుకోకపోతే, రేపు ఎవరైనా వచ్చి "జనం ఎక్కేది నిచ్చెన, మధ్యలో నువ్వెవరివి మాట్లాడటానికి?" అంటారేమోనని భయం. నాకు భయాలు ఎక్కువ. ఏ పనైనా మొదలుకాకముందే అది ఎక్కడ విరుగుతుందో, ఎవరు పడతారో ఊహించేసుకుంటాను. నా బతుకు అలాంటిది మరి. పట్టుకుని ఉండటమే పనిగా పుట్టినదానికి, వదిలేస్తే ఏమవుతుందన్న ఆలోచన తప్ప ఇంకేం ఉంటుంది?

ఫ్యాక్టరీలో నన్ను రెసిన్ అనేవారు. డ్రమ్ములో ఉన్నన్నాళ్ళు తేనె రంగులో, బెల్లం పాకమంత చిక్కగా, ముక్కు మండించే వాసనతో ఉండేదాన్ని. ఏ పాత్రలో పోస్తే ఆ పాత్ర ఆకారమే నాది. నాకేం కావాలో నాకే తెలియదు. ఒకరోజు నన్ను ఒక పొడవాటి తొట్టెలో పోశారు. అటుపక్క రీళ్ళ మీద చుట్టిన గాజు దారాలు ఉన్నాయి. వెంట్రుక కంటే సన్నంగా, తెల్లగా, చూడటానికి పట్టులా ఉన్నాయి. గాలిపటం దారాన్ని మాంజాలో ముంచి లాగినట్టు, వాటన్నిటినీ నాలో ముంచి అవతలకి లాగుతున్నారు. ఒక్కొక్క దారం నన్ను ఒంటికి పూసుకుని బయటికి వెళ్ళింది. అయ్యో, ఎక్కడికి తీసుకుపోతున్నారు, ఏం చేస్తారు అని వాటిని గట్టిగా చుట్టుకున్నాను. అవతల కాలే ఇనుప అచ్చు ఉంది. దానిలోంచి దూరి బయటికి వచ్చేసరికి నేను గట్టిపడిపోయాను. ఉడికిన గుడ్డు మళ్ళీ సొన కాదు కదా. నేనూ అంతే. ఇక ఎంత వేడి పెట్టినా మళ్ళీ పాకాన్ని కాలేను. ఆ దారాలు నా పిల్లలు. వాటిని ఎలా పట్టుకున్నానో అలాగే ఉండిపోవాలి.

అసలు నేనెందుకు అన్న ప్రశ్న నన్ను చాలాకాలం తొలిచింది. ఎందుకంటే బలం నాది కాదు. లాగితే ఆపే బలమంతా ఆ గాజు దారాలదే. నన్నొక్కదాన్నే బద్దలా పోసి దాని మీద ఎక్కితే పెళుక్కున విరుగుతాను. మరి వాటికి నేనెందుకు?

దీనికి సమాధానం నాకు కోనసీమలో దొరికింది. అక్కడ ఇంటింటా కొబ్బరిపీచు తాడు పేనుతారు. ఆ తాడుతో పడవను లాగొచ్చు, ఎద్దును కట్టొచ్చు. కానీ తాడును నేల మీద నిలబెట్టి ఎక్కమంటే ఎవరెక్కుతారు? నారకు లాగటం తెలుసు, నిలబడటం తెలియదు. నా గాజు దారాలూ అంతే. నేను చుట్టూ బిగిసి ఉంటేనే అవి పక్కకి వంగకుండా నిటారుగా నిలుస్తాయి. ఇంకో సంగతి. వాటిలో ఏ ఒక్కటి తెగినా, దాని వంతు బరువును నేను అందుకుని పక్కదానికి కొంచెం, ఆ పక్కదానికి కొంచెం పంచేస్తాను. తెగిన విషయం పైన ఎక్కినవాడికి తెలియనే తెలియదు. మట్టిగోడలో వరిగడ్డి కలిపి తొక్కేవాళ్ళని అడగండి. గడ్డి లేని మట్టి బీటలు వారుతుంది, మట్టి లేని గడ్డి గాలికి పోతుంది. ఎవరు గొప్ప అని ఆ రెండూ ఎప్పుడూ తగాదా పడలేదు. ఆ తగాదా మనుషులకే.

నన్ను పసుపుపచ్చ నిచ్చెనగా బిగించి, కొబ్బరితోటల మధ్య ఒక ఊరికి పంపారు. ఆ ఊళ్ళో కొబ్బరిమట్టలు కరెంటు తీగల మీద పడటం, లైన్‌మన్ గణేశ్వరరావు వెళ్ళి తీయటం ఎప్పుడూ ఉండే పనే. సబ్‌స్టేషన్ కాలవ అవతల దూరంగా ఉండటంతో నన్ను ఆయన ఇంటి అరుగు మీదే పెట్టేవారు. తోటి లైన్‌మన్ బుల్లియ్య మోపెడ్ నడిపితే, వెనక కూర్చుని గణేశ్వరరావు నన్ను భుజాన మోసేవాడు. మలుపు తిరిగినప్పుడల్లా ఎవరి తలకి తగులుతానో అని నేను బిగుసుకుపోయేదాన్ని.

వచ్చిన మొదటిరోజే ఆయన భార్య వీరవేణి నన్ను చుట్టూ తిరిగి చూసింది.

"ఇదేంటండీ, కర్రా?"

"కాదే. ఫైబరు."

"ఫైబరంటే?"

"గాజు దారాలే."

"గాజా! ఓరి నాయనో! మొన్న గళాసు జారితే ఎన్ని ముక్కలయ్యిందో చూసేరుగా. దీన్నెక్కుతారా మీరు?"

"గాజొక్కటే కాదే. జిగురుంటాది."

"ఏం జిగురు? సినిమా పోస్టర్లంటిత్తారు, ఆ మైదా జిగురా?"

గణేశ్వరరావు నవ్వాడు. నాకు మాత్రం పౌరుషం వచ్చింది. కానీ ఆమె అడగటం ఆపలేదు. "శుబ్బరంగా ఇనప నిచ్చెనిమ్మని అడగొచ్చు కదా?" అంది.

"ఇనుమైతే కరెంటు మోసేత్తాది. ఇది మొయ్యదు. లైను ఆపేరనుకో, రొయ్యల చెరువుల మీద జనరేటర్లున్నాయి కదా. ఎవడైనా తిన్నగా స్విచ్చు మార్చుకోకుండా జనరేటరేసేడంటే ఆపిన తీగలోకి ఎనకనించి కరెంటొచ్చేత్తాది. అప్పుడు నన్ను కాసేది చేతి గ్లౌజులూ, ఈ నిచ్చెనే."

ఆమె దగ్గరికి వచ్చింది. నా మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే ముగ్గు వేశాక నన్ను పొడిగుడ్డతో తుడిచేది. తుడుస్తూ బియ్యంలో రాళ్ళు వెతికినట్టు పైనుంచి కిందిదాకా అరచేత్తో తడిమేది. ఎక్కడ పెచ్చు లేచిందో, ఎక్కడ నెర్రె పడిందో అని. ఈవిడ కూడా నా జాతే అనుకున్నాను.

నాకు ఒక కుతూహలం ఉండేది. కరెంటు ఎలా ఉంటుంది? జనమంతా దాని పేరు చెప్పి వణికిపోతారు. అది పోతే తిట్టుకుంటారు, వస్తే "వచ్చింది, వచ్చింది" అని చప్పట్లు కొడతారు. దాన్ని నా ఒంట్లోకి రానివ్వకపోవడమే నా పని కాబట్టి నేను దాని ముఖం చూడలేదు. గుమ్మం తీయకూడని చుట్టం లాంటిది. అయినా తలుపు సందులోంచి ఒక్కసారి చూస్తే బాగుండునని ఉండేది.

ఏళ్ళు గడిచాయి. నాకు పెద్ద శత్రువు ఎండ. అది నా పైపొరను కొంచెం కొంచెంగా తినేసింది. జిగురు పోయినచోట లోపలి దారాల మొనలు బయటికి వచ్చాయి. నన్ను భుజాన వేసుకున్న గణేశ్వరరావుకు ఆ గాజు నూగు గుచ్చుకునేది. రాత్రీ పగలూ మెడా చేతులూ గోక్కునేవాడు. వీరవేణి కొబ్బరినూనె రాసేది. పట్టుకున్న చేతినే గుచ్చుతున్నామే అని నేను కుమిలిపోయేదాన్ని. లోపల ఇంకా గట్టిగానే ఉన్నాను. పైకి మాత్రం ముసలిదాన్నైపోయాను.

ఆ దసరాకు సబ్‌స్టేషన్‌లో ఆయుధపూజ పెట్టారు. కటింగ్ ప్లేయర్లు, తాళ్ళు, మోపెడ్లు అన్నీ కడిగి వరుసగా పెట్టారు. ఇనుప స్తంభాలకు, బ్రాకెట్లకు వెయ్యగా మిగిలిన సిల్వర్ పెయింట్ డబ్బా ఒకటి బుల్లియ్య కంటపడింది.

"బావా, నీ నిచ్చెన కూడా మెరిపించేత్తానుండు. ఈ దెబ్బతో నీ దురదా పోద్ది, దీని ముసలితనవూ పోద్ది" అన్నాడు.

ఎంత మంచి మనసు! పాపం, స్నేహితుడి దురద పోగొడదామనే కదా. నూగు మీద చల్లగా బ్రష్షు తగులుతుంటే నాకూ హాయిగానే ఉంది. ఎండిన తర్వాత గానీ తెలియలేదు. ఆ రంగు నిండా సన్నటి లోహపు రేకులు. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. వాటిని పట్టి ఉంచింది కూడా ఒక పలుచటి జిగురే, వరసకు నాకు చుట్టమే. చుట్టమని ఏం లాభం? ఎవరి ఒడిలో ఏముందన్నదే కదా ముఖ్యం. నా ఒడిలో గాజు ఉంది. దాని ఒడిలో లోహం ఉంది. కిందనుంచి పైదాకా ఆ పొర నన్ను కప్పేసింది. నేను లోపలనుంచి అరిచాను. జిగురు అరుపు ఎవరికి వినపడుతుంది?

సెక్షన్ ఇంజనీరు, ఏ.ఈ. ప్రత్యూష గారు వచ్చి నాకు పసుపు రాసి బొట్టు పెట్టారు. బంతిపూల దండ వేశారు. గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయ తొక్కించి, "మన ప్రాణాలు కాపాడే పనిముట్లివి, జాగ్రత్తగా చూసుకోండి" అన్నారు. అందరూ దణ్ణం పెట్టారు. ప్రాణం కాపాడే గుణాన్ని కప్పేసి, ఆ కప్పినదానికి హారతివ్వడం మనుషులకే చేతనవును.

ఇంటికి తెచ్చాక వీరవేణి తుడవడానికి వచ్చి ఆగిపోయింది.

"ఏంటండీ ఇది? ఇనుములాగుంది."

"రంగే. బుల్లియ్యేశాడు."

"ఆ మెరిసేదేంటి?"

"రంగని చెప్పేనుగా."

"రంగైతే ఎర్రగానో పచ్చగానో ఉండాలి గానీ, ఇలా మెరుత్తాదేంటి? ఏం కలిపేరు అందులో?"

"నాకేం తెల్సు, డబ్బాలో ఉన్నదేశాడు" అని విసుక్కుని వెళ్ళిపోయాడు. ఆమె ఏడో తరగతి చదివింది. ఆ ప్రశ్నకు జవాబు ఆమెకూ తెలియదు. తెలియలేదని ఊరుకోలేకపోయింది, అంతే. అరచేత్తో తడిమింది. నూగు తగల్లేదు. పెచ్చు ఉంటే అదీ తగలదు. ఆ నునుపే ఆమెను భయపెట్టింది.

పండగ వెళ్ళిన కొద్దిరోజులకు, తెల్లవారుతుండగా ఈదురుగాలి వీచింది. చెరువుల దగ్గర లైను మీద మట్ట పడి కరెంటు పోయింది. రొయ్యల చెరువు రైతు బలరామయ్య బండేసుకుని గుమ్మంలోకి వచ్చేశాడు. చెరువులో గాలి కొట్టే చక్రాలు ఆగిపోతే రొయ్యలకు ఊపిరాడదు. తెల్లవారుజామున అసలే నీళ్ళలో ఊపిరి తక్కువ.

"గణేశ్వర్రావూ, నా జనరేటరు పాడయ్యింది బాబూ! రొయ్యంతా పైకి తేలతాంది. రా, నీకు దణ్ణమెడతాను!"

గణేశ్వరరావు లైను ఆపించడానికి ఫోను చేసి, గ్లౌజులు తీసుకుని, నా కోసం వచ్చాడు. వచ్చి చూస్తే అరుగు కింద నేలమీద నేను. నా మీద వీరవేణి.

"లేవే."

"లెగను."

"ఏం తమాషాగా ఉందా? అవతల ఆయన చెరువు పోతంది."

"పక్క చెరువోళ్ళు జనరేటర్లేసుకున్నారు. చప్పుడినపడతంది. మీరే కదా చెప్పేరు, ఎనకనించి వత్తాదని. ఈ ఇనుములాంటిదాన్నెక్కి మీరు ఆ తీగల్లో చెయ్యెడతారా? దీన్నెక్కనివ్వను."

"ఇనుము కాదే బాబూ, రంగు!"

"ఆ మెరిసేదేంటో చెప్పండి, లెగుత్తాను."

బలరామయ్య నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా తల్లీ! నీ కొచ్చెన్లకి జవాబులు తర్వాత చెప్తాడు. నా పెట్టుబడంతా ఆ నీళ్ళలో ఉందమ్మా!"

"మీ రొయ్యల్ని మళ్ళీ ఏసుకుంటారన్నయ్యా. ఈయన్ని నేనెక్కణ్ణించి తెచ్చుకోను?"

గణేశ్వరరావు ఆమె రెక్క పట్టుకున్నాడు. ఆమె నా మెట్టును రెండు చేతులా పట్టుకుంది. ఆ పట్టు బిగువు నాలోకి దిగింది. దాన్ని అన్ని దారాలకూ పంచాను. అయినా తగ్గలేదు. నిజం చెప్పొద్దూ, ఆమె లేవకూడదని మొక్కుకున్నాను. పట్టుకున్నవాడిని కాపాడటానికి పుట్టినదాన్ని, ఎవరూ నన్ను ముట్టుకోకూడదని మొక్కుకోవడం అదే మొదటిసారి.

ఆయన ఆమె చెయ్యి వదిలేశాడు. ఏ.ఈ. గారికి ఫోను చేసి, నిచ్చెన మీద అనుమానంగా ఉంది, వేరే నిచ్చెనతో ఎవరినైనా పంపమన్నాడు. పక్క ఊరి నుంచి మనుషులు వచ్చి మట్ట తీసేసరికి పొద్దెక్కింది. బలరామయ్య చెరువులో సగం రొయ్య తెల్లగా గట్టుకు కొట్టుకొచ్చింది. ఆయన గట్టు మీద కూలబడి, ఎవరినీ తిట్టకుండా నీళ్ళకేసి చూస్తూ ఉన్నాడని బుల్లియ్య వచ్చి చెప్పాడు. తిట్టినా బాగుండేది.

ఊరంతా వీరవేణిని "నిచ్చెన మీద కూర్చున్నావిడ" అన్నారు. ఏ.ఈ. గారు గణేశ్వరరావును పిలిచారు.

"నిచ్చెనని టెస్టుకి పంపిస్తున్నాను. అది బాగుందని తేలితే నేను నీ మీద రిపోర్టు రాయక తప్పదు. డ్యూటీ ఎగ్గొట్టావంటారు. నా చేతుల్లో ఏం ఉండదు."

ఇంటికొచ్చి ఆయన ఆ మాట చెప్పాడు. వీరవేణి వంటింటి గడప మీద కూర్చుండిపోయింది.

"ఉజ్జోగం తీసేత్తారా?" అంది.

"తెలీదు."

"నన్ను తిట్టండి పోనీ."

"తిడితే ఏం లాభం?" అని ఆయన అన్నం ముందు కూర్చున్నాడు గానీ తినలేదు.

టెస్టు పెట్టే చోటికి నన్ను వ్యానులో తీసుకెళ్ళారు. ఎత్తైన రేకుల షెడ్డు. చుట్టూ కంచె. లోపల నన్ను పింగాణీ దిమ్మల మీద పడుకోబెట్టి, నిలువు బద్దకు రెండు చోట్ల రాగి పట్టీలు బిగించారు. కంచె అవతల గణేశ్వరరావు, ఏ.ఈ. గారు, బుల్లియ్య నిలబడ్డారు. టెస్టు చేసే పెద్దాయన గాజు కిటికీ వెనక మర తిప్పుతూ, కరెంటు ఒత్తిడి ఎంతో చూపే ముల్లును చూస్తున్నాడు.

అప్పుడు నా పరిస్థితి ఏమిటో వినండి. నేను నిలబడితే, అంటే కరెంటును ఆపితే, గణేశ్వరరావు దోషి. నేను ఓడిపోతే ఆయన గెలుస్తాడు, నేను తుక్కులోకి పోతాను. పోతే పోయాను. కానీ ఓడిపోవడం నా చేతుల్లో ఉందా? నా పిల్లల్ని వదిలేయమంటే నాకు చేతనవుతుందా? గట్టిపడినరోజు నుంచి పట్టుకోవడం తప్ప ఇంకోటి నేర్వలేదు. ఇన్నాళ్ళూ చూడాలనుకున్న ఆ చుట్టం ఇప్పుడు వస్తోంది. రానీ, ఏం చేస్తుందో చూద్దామనిపించింది. భయంలో కూడా ఆ సరదా పోలేదు.

ముందు చీమలు పాకినట్టు ఒళ్ళంతా జిలజిల. తర్వాత నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు. అది నా లోపలికి రాలేదు. రావాలని చూడనే లేదు. పైనున్న లోహపు పొలుసుల మీదుగా ఒకదాని నుంచి ఒకదాని మీదికి గెంతుకుంటూ, ఒక పట్టీ నుంచి రెండోదానికి నీలంగా పరుగెత్తింది. ఫట్‌మని పేలింది. షెడ్డంతా కాలిన వాసన. ముల్లు పడిపోయింది.

గణేశ్వరరావు కంచె పట్టుకున్నాడు.

"ఫెయిల్" అన్నాడు పెద్దాయన. కాలినచోటికి వచ్చి వంగి చూసి, గోటితో గీరాడు. "ఇదెవరు పూశారు? నిచ్చెనకి లోహప్పొడి రంగు పూస్తారా? లోపల నెర్రె పడినా కనపడదు" అన్నాడు. బుల్లియ్య తల వంచుకున్నాడు.

పెద్దాయనకు కూడా నాలాంటి కుతూహలమే ఉన్నట్టుంది. అక్కడితో ఆపలేదు. నా బద్దను కాలనిచోట ఒక మూర కోయించాడు. ఆ ముక్క మీది రంగంతా ఉప్పుకాగితంతో రుద్దించి, తుడిపించి, మళ్ళీ పట్టీలు బిగించి మర తిప్పాడు. ఈసారి ముల్లు పైకి వెళ్ళింది, ఇంకా పైకి వెళ్ళింది. చిటపట లేదు. చీమ కూడా పాకలేదు. చుట్టం గుమ్మం దగ్గర నిలబడి, తలుపు తట్టి తట్టి వెనక్కి పోయింది.

"జిగురు బాగానే ఉంది" అన్నాడాయన. నా గురించి మనిషన్నవాడు చెప్పిన మంచిమాట అదొక్కటే.

"బావా, నేను..." అన్నాడు బుల్లియ్య. గణేశ్వరరావు వాడి భుజం తట్టాడు. ఏ.ఈ. గారు కాలిన బద్దను చాలాసేపు చూశారు. "నేను దీనికి బొట్టు పెట్టాను" అన్నారు మెల్లగా. ఆ తర్వాత, "నువ్వెళ్ళు గణేశ్వరరావ్. నీ మీద ఏం లేదు. సెక్షన్‌లో ఉన్న నిచ్చెనలన్నీ రేపు నేనే చూస్తాను" అన్నారు. బలరామయ్య రొయ్యల సంగతి ఎవరూ ఎత్తలేదు. దానికి ఏ టెస్టూ జవాబు చెప్పదు.

నన్ను ముక్కలుగా కోసి షెడ్డు వెనక తుక్కుగుట్ట దగ్గర పడేశారు. పక్కన పగిలిన పింగాణీలు, తుప్పు పట్టిన బ్రాకెట్లు ఉన్నాయి. కోసిన అంచుల్లోంచి వాన దిగితే నాలో నీరు పాకుతుందనీ, దారాలు ఒక్కొక్కటే నా చేతుల్లోంచి జారిపోతాయనీ తెలుసు. ఎప్పుడు, ఎలా అని అప్పుడే లెక్కలేసుకోవడం మొదలుపెట్టాను.

వ్యాను బయలుదేరే ముందు గణేశ్వరరావు ఒక్కడే అటు వచ్చాడు. నీడ కోసం వచ్చాడో ఎందుకో తెలియదు. రెండు పింగాణీల మీద అడ్డంగా పడి ఉన్న నా బద్ద ముక్క మీద కూర్చుని ఫోను తీశాడు.

"ఏంటే, ఏం చేత్తన్నావ్?"

అవతల వీరవేణి గొంతు నాకు కూడా వినపడింది. "ఏవయ్యిందండీ? ఎవరికేవయ్యింది?"

"ఎవరికీ ఏం అవలేదే."

"ఏం అవకపోతే ఈ ఏళప్పుడు ఫోనెందుకు చేత్తారు? నిచ్చెన బాగానే ఉందన్నారా? ఉజ్జోగం తీసేశారా? చెప్పండి, నేను తట్టుకుంటాను."

ఆయన కిందికి చూశాడు. కాలిన బద్ద అక్కడే, కాలి పక్కనే ఉంది. దాన్ని చూస్తూ మోకాళ్ళ మీద మోచేతులు ఆనించుకున్నాడు. ఒళ్ళంతా వణకడం మొదలుపెట్టింది.

"ఏవండీ? ఉన్నారా? ఏవండీ!"

"ఉన్నానే" అన్నాడు చివరికి. "ఉన్నాను."

ఆ వణుకంతా నా మీదికి దిగింది. ఒక దారం నుంచి పక్కదానికి, ఆ పక్కదానికి పంచుకుంటూ, ఆయన లేచేదాకా మోశాను.